97 శాతం లెక్కలో దాగిన షరతు

సంపాదకులకు,

అమెరికా క్షిపణి కవచం 97 శాతం పనిచేస్తుందని 2017లో ట్రంప్ అన్నారు. అలాంటి అంకె ఎలా పుడుతుందో చూడండి. 1999 నుంచి జరిగిన అడ్డగింత పరీక్షల్లో నెగ్గినవి సగానికి కాస్త ఎక్కువ. ఒక్కో ఇంటర్‌సెప్టర్ (శత్రు క్షిపణిని గాల్లోనే కూల్చే క్షిపణి) విజయావకాశం 0.56 అనుకుని, ఒక్కో వార్‌హెడ్ (క్షిపణి మోసుకొచ్చే పేలుడు భాగం) మీదికి నాలుగేసి వదిలితే, నాలుగూ గురితప్పే అవకాశం 0.44ను నాలుగుసార్లు హెచ్చవేస్తే వచ్చే 0.0375. అంటే కవచానికి 96 శాతం! ఈ హెచ్చవేత చెల్లాలంటే ఒకదాని వైఫల్యానికి మరోదానితో సంబంధం ఉండకూడదు. 2010 డిసెంబరు పరీక్షలో మార్గనిర్దేశక పరికరాన్ని కంపనాలు దెబ్బతీశాయి. అదే డిజైన్ అయితే నాలుగూ కలిసే తప్పవచ్చు. ఏమార్చడానికి శత్రువు వదిలే డికాయ్‌ను రాడార్ వార్‌హెడ్ అనుకున్నా అంతే.

పైగా 20 పరీక్షల్లో 11 నెగ్గితే, 95 శాతం విశ్వాసంతో చెప్పగలిగేది అసలు రేటు 32 నుంచి 77 శాతం మధ్య ఉందని మాత్రమే. నాలుగేసి చొప్పున ప్రయోగిస్తే అమెరికాకున్న 44 ఇంటర్‌సెప్టర్లు 11 వార్‌హెడ్లకే సరి.