ముందు ఏమీ డిలీట్ చేయొద్దని చెప్పు

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం చూసి ఎంత సంబరపడ్డానో! కోడ్ రాయడం రాదని మొన్నటిదాకా వెనకాడినవాడివి, ఇప్పుడు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ (కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలది) వాడేవాళ్లకి సాయం చేస్తానంటున్నావు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరో, ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే లిబ్రేఆఫీసో ఉచితంగా దింపుకుని వాడే మనిషి ఎక్కడో చిక్కుకుంటే, ఓపిగ్గా జవాబు చెప్పేది చాలావరకు వాలంటీర్లే. చిక్కుకున్నవాళ్లకి కావలసింది కోడ్ కాదు, చెప్పేది వినే మనిషి.

నువ్వు రోజూ వాడే ఒక్క సాఫ్ట్‌వేర్ పట్టుకో, చాలు. మొదట్లో కొన్నాళ్లు దాని సహాయ ఫోరమ్‌లో జనం అడిగే ప్రశ్నలు ఊరికే చదువు. అవే నాలుగైదు తిప్పి తిప్పి వస్తుంటాయి.

ఒకటి చెప్తాను విను. ఒకావిడ ఫైర్‌ఫాక్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసిందట, ఏళ్లుగా దాచుకున్న బుక్‌మార్కులు ఒక్కటీ కనబడటం లేదట. నాకంటే ముందే ఎవరో "ప్రొఫైల్ డిలీట్ చేసి కొత్తగా మొదలుపెట్టండి" అనేశారు. నా గుండె గుభేలుమంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉండేదే ఆ ప్రొఫైల్ ఫోల్డర్‌లో! "దయచేసి ఏమీ డిలీట్ చేయకండి" అని గబగబా రాసి, ఆ తర్వాతే ఎలా ఇన్‌స్టాల్ చేశారని అడిగాను. పాతది ఉండగానే ఇంకో ఫోల్డర్‌లో వేసుకున్నారు. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కి ఒక్కో ప్రొఫైల్ ఉంటుంది. అంటే బుక్‌మార్కులు ఎక్కడికీ పోలేదు, పాత ప్రొఫైల్‌లో భద్రంగా ఉన్నాయి. అడ్రస్ బార్‌లో about:profiles అని ఇంగ్లీషులో కొట్టి, పాత ప్రొఫైల్‌తో తెరవమన్నాను. "ఉన్నాయండీ, అన్నీ ఉన్నాయి!" అని ఆవిడ రాసిన ఆ ఒక్క వాక్యం కోసమే నేనింకా ఈ పని చేస్తున్నాను.

అందుకే జవాబు చెప్పేముందు అడగడం నేర్చుకో. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, చివరగా ఏం మార్చారు, తెర మీద ఎర్రర్ ఏమని వచ్చింది (ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం మారకుండా). "పని చేయట్లేదు" అంటే విసుక్కోకు. వాళ్లకి తెలిసిన మాట అదే. ఫైర్‌ఫాక్స్‌లో ట్రబుల్‌షూట్ మోడ్, లిబ్రేఆఫీస్‌లో సేఫ్ మోడ్ రెండూ హెల్ప్ మెనూలోనే ఉంటాయి. యాడ్ఆన్లని (అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములని), మార్చుకున్న కొన్ని సెట్టింగుల్ని తాత్కాలికంగా పక్కనపెట్టి తెరుస్తాయవి. అక్కడ సమస్య మాయమైతే తప్పు ఏ యాడ్ఆన్‌లోనో సెట్టింగ్‌లోనో ఉందని సగం తేలిపోయినట్టే.

నీ మెషీన్‌లో ఒకసారి చేసి చూడని పని ఎవరికీ చెప్పకు. లినక్స్‌లో "సుడో" (sudo, అంటే అడ్మిన్ అధికారంతో నడిపించేది)తో మొదలయ్యే కమాండ్ అయితే మరీ జాగ్రత్త, చాలామంది అర్థం చూడకుండా అతికించేస్తారు. పాస్‌వర్డ్ మాత్రం ఎప్పుడూ అడగకు. వాళ్లే ఇవ్వబోయినా వద్దని చెప్పు.

తెలియని ప్రశ్న వస్తే వదిలెయ్, తెలిసినవాళ్లు చూస్తారు. అదే తప్పు నీ మెషీన్‌లోనూ వస్తే మాత్రం వదలకు, ఏమేం నొక్కితే వస్తోందో వరసగా రాసి బగ్ రిపోర్ట్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పుందని డెవలపర్లకి తెలియజేసే ఫిర్యాదు) పెట్టు. డెవలపర్లకి అంతకంటే పనికొచ్చేది ఉండదు.

నీ మొదటి జవాబు రాశాక నాకోసారి పంపరా, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
నేస్తం