లైనక్స్ 6.12 కెర్నల్: సభ్యులకు

మిత్రులందరికీ నమస్కారం. కావలి, ఒంగోలు సభ్యులు అడుగుతున్న లైనక్స్ 6.12 కెర్నల్ (హార్డ్‌వేర్‌ను, ప్రోగ్రాములను కలిపి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కీలక భాగం) 2024 నవంబరులో విడుదలైంది. దీర్ఘకాలిక మద్దతు ఉన్న కూర్పు ఇది. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది రియల్ టైమ్ సదుపాయం. దాదాపు 20 ఏళ్లు విడి ప్యాచ్‌లుగా (కెర్నల్ కోడ్‌కు బయటి నుంచి కలుపుకునే మార్పులుగా) సాగిన ఆ శ్రమ చివరికి ప్రధాన కెర్నల్‌లో చేరింది! రొయ్యల చెరువుల దగ్గర మోటార్లకు చిన్న బోర్డులు అమర్చుతున్న తమ్ముళ్లు దీన్ని తప్పక పరిశీలించాలి. ఎంత పని ఒత్తిడి ఉన్నా గడువులోపు స్పందించడమే దీని లక్ష్యం. అయితే కెర్నల్‌ను ఆ రియల్ టైమ్ ఐచ్ఛికంతో బిల్డ్ చేసుకోవాలి, అంటే సోర్స్ కోడ్ నుంచి తయారు చేసుకోవాలి.

కెర్నల్ కుప్పకూలితే తెర మీద లోపం వివరాలున్న క్యూఆర్ కోడ్ చూపే వీలు కూడా వచ్చింది. అలా కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.

పాత కెర్నల్‌ను మాత్రం వెంటనే తొలగించకండి. కొత్తది బూట్ కాకపోతే గ్రబ్ మెనూలో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కెర్నల్‌ను ఎంచుకునే తెరలో) అదే ఆధారం.