‘గట్టిగా ఊపిరి పీల్చండి’ అనేది సగం సలహాయే

సంపాదకులకు,

ఒత్తిడి గురించి రాసే వ్యాసాలు చాలావరకు ‘గట్టిగా ఊపిరి పీల్చండి’ దగ్గరే ఆగుతున్నాయి. కంగారుపడ్డ మనిషి ఎలాగూ వేగంగా పీలుస్తుంటాడు. ఇంకా గబగబా, లోతుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి. దాంతో ఇంకా హడలిపోతాడు.

అసలు కీలకం ఊపిరి వదలడంలో ఉంది. వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లి దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చి, 6 అంకెలసేపు నెమ్మదిగా వదలాలి. భుజాలు లేవకూడదు, పొట్ట కదలాలి. ఆయాసంగా ఉంటే పీల్చడం 3, వదలడం 4 అంకెలకు తగ్గించుకోవచ్చు. 5 నిమిషాలు చాలు. కాకపోతే మనసు కుదురుగా ఉన్న రోజుల్లోనే అలవాటు చేసుకోవాలి. యుద్ధకాలే శస్త్రాభ్యాసం కుదరదు.

ఇదంతా అప్పటికప్పుడు వచ్చిపడే ఒత్తిడికి. నెలల తరబడి నలిపేసే అప్పుకో, ఇంట్లో మంచం పట్టిన మనిషి సేవకో ఊపిరి ఒక్కటే చాలదు. ఒత్తిడిపై పరిశోధించిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లోనే దానికి శరీర స్పందనను మూడు దశలుగా చెప్పాడు: ఉలికిపాటు, తట్టుకోవడం, డస్సిపోవడం. మోసం చేసేది రెండోదే. పనులన్నీ జరిగిపోతుంటాయి, ‘బాగానే ఉన్నాను’ అనుకుంటాం. తెల్లవారుజామున మెలకువ, బిగుసుకునే దవడ, అయినదానికీ కానిదానికీ కసురుకోవడం మాత్రం మొదలవుతాయి.

అప్పుడు కాగితం తీసి, మన చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి మరోవైపు రాసుకోవాలి. ‘అప్పు తీర్చాలి’ అని రాస్తే దిగులు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ‘సోమవారం 11 గంటలకు ఫోన్ చేసి వాయిదా గడువు అడగాలి’ అని రాయాలి. మిగిలిన చింతలకు సాయంత్రం 20 నిమిషాలు కేటాయించి, మధ్యలో వచ్చినవాటిని రాసిపెట్టుకుని అప్పటిదాకా వాయిదా వేయాలి. పడుకునే ముందు మాత్రం ఆ పని వద్దు. కాఫీ, టీలలోని కెఫీన్ 5 గంటల తర్వాత కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత మానాలి. మద్యం కునుకు తెప్పిస్తుంది గానీ నడిరాత్రి లేపేస్తుంది.

నిద్రలేమి, నిరాశ 2 వారాలు దాటితే వైద్యుణ్ని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే. ఛాతీనొప్పిని ఒత్తిడి కింద జమకట్టి ఇంట్లో కూర్చోకూడదు. మీ ఆరోగ్య పేజీలో ఊపిరి చిట్కా వేసిన ప్రతిసారీ ఈ మూడు వాక్యాలూ పక్కనే అచ్చువేయమని మనవి.

– ఒక మానసిక వైద్యుడు