అసలు నోటీసు ఎలా ఉంటుందో ముందు చెప్పండి: కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం మంత్రి గారికి నమస్కారాలు.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, భయపెట్టి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్టు’ అనేది మన చట్టంలోనే లేదని 2024 అక్టోబర్ 27న ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి గారే చెప్పారు. కాస్త ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాతే ఏదైనా చేయండి అన్నారు. ఆ మాట టీవీల్లో వచ్చింది, పేపర్లలో వచ్చింది. అయినా మోసాలు ఆగలేదు. ఏడాది తిరిగేసరికి అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు ఏకంగా సుప్రీంకోర్టుకే మొర పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లను బెదిరించడానికి మోసగాళ్లు చూపించింది ఆ సుప్రీంకోర్టు పేరుతోనే తయారుచేసిన దొంగ ఉత్తర్వులు. కోర్టు తనంతట తానే (సుమోటోగా) కేసు తీసుకుని, 2025 డిసెంబర్‌లో ఇలాంటి మోసాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

జనానికి అవగాహన లేదు, అత్యాశకు పోతున్నారు అనే మాట తరచూ వింటుంటాం. ఈ మోసంలో అత్యాశ ఎక్కడుందండీ? ఇక్కడ ఉన్నదంతా భయమే. అదీ ఎప్పుడూ పోలీస్ స్టేషన్ గడప తొక్కని మనిషికే ఎక్కువ. వర్ధమాన్ గ్రూప్ ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ గారు 2024లో ఇలాగే 7 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. మోసగాళ్లు స్కైప్ వీడియో కాల్‌లో దొంగ కోర్టు విచారణ నడిపి, మాట్లాడుతున్నది ప్రధాన న్యాయమూర్తే అని నమ్మించారు. అంతటి పారిశ్రామికవేత్తే నమ్మినప్పుడు, రిటైరైన ఒక గుమాస్తా నమ్మడంలో వింతేముంది?

మా మేనమామ విషయంలో ఇది ఎలా నడిచిందో చెబుతాను. మొదట ఒక రికార్డెడ్ గొంతు: రెండు గంటల్లో మీ నంబర్ ఆగిపోతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి అని. నొక్కితే టెలికాం అధికారినంటూ ఒకడు లైన్లోకి వచ్చాడు. మీ ఆధార్‌తో తీసిన సిమ్ మీద మనీ లాండరింగ్ కేసు ఉందన్నాడు, లైను ‘పోలీసుల’కు కలిపాడు. వీడియో కాల్‌లో యూనిఫాం, వెనక గోడ మీద మూడు సింహాల చిహ్నం, బల్ల మీద ఫైళ్లు, మధ్యమధ్యలో వాకీటాకీ చప్పుడు. ఆ వెంటనే వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. అందులో ఆయన పేరు, ఆధార్ నంబర్ తప్పు లేకుండా ఉన్నాయి. ఆ నంబర్ చూశాకే ఆయనకు కాళ్లు చేతులు ఆడలేదట. ఇది రహస్య విచారణ, ఇంట్లో చెబితే వాళ్లూ నిందితులే అన్నారు. కెమెరా ఆపొద్దన్నారు. మీ డబ్బంతా ఆర్‌బీఐ ఖాతాకు పంపండి, పరిశీలించి తిరిగి వేస్తాం అన్నారు.

ఆయన బ్యాంకుకు వెళ్లి ఎఫ్‌డీ రద్దు చేశారు. కాల్ నడుస్తున్న ఫోన్ చొక్కా జేబులోనే ఉంది. ఇంత డబ్బు ఉన్నట్టుండి ఎందుకు సార్ అని కౌంటర్లో అమ్మాయి అడిగింది. వాళ్లు నేర్పిన జవాబే చెప్పారు: మనవరాలి పెళ్లి అని. శుభం సార్ అంటూ ఆమె కాగితం ముందుకు జరిపింది. సంతకం వంకర పోతే రెండోసారి పెట్టించింది కూడా. ఎదురుగా ఉన్న పెద్దాయన చేతులు వణుకుతున్నాయని ఎవరికైనా అనుమానం రావాల్సింది. ఆమెను నేను తప్పుపట్టను. ఒక్క క్షణం ఆపి, ఆయన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి మాట్లాడే వీలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. సిబ్బంది అలా ఆపి పెద్దవాళ్లను కాపాడిన సంఘటనలు పేపర్లలో చదివాం. అది ఒకరిద్దరి చొరవగా కాకుండా అన్ని బ్యాంకుల్లోనూ నిబంధన కావాలి.

మోసగాడిని గుర్తుపట్టండి అని మాకు చెబుతున్నారు. అసలైన పోలీసు ఎలా సంప్రదిస్తాడో తెలియనప్పుడు దొంగ పోలీసును ఎలా గుర్తుపట్టాలి? నిజమైన స్టేషన్ నుంచి కూడా మామూలు పది అంకెల మొబైల్ నుంచే ఫోన్ వస్తుంది. లింకులు నొక్కొద్దని హెచ్చరించే సంస్థలే మెసేజీల్లో లింకులు పంపుతాయి. విచారణకు రమ్మని నేర విచారణ పద్ధతి చట్టమైన బీఎన్ఎస్ఎస్ 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసును పోలీసులు వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా ఆదేశించింది. మార్చమని అడిగితే జూలైలో ఒప్పుకోలేదు కూడా. అదే చట్టం ప్రకారం కోర్టు సమన్లు మాత్రం కోర్టు ముద్రతో ఎలక్ట్రానిక్ పద్ధతిలో రావచ్చు. ఒకటి రావచ్చు, ఇంకొకటి రాకూడదు. ఈ తేడా మాలో ఎంతమందికి తెలుసు?

దారి లేక కాదు. 2019 అక్టోబర్ నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే ఉత్తరాల మీద డిన్ అనే నంబర్ ఉంటోంది. ఎవరైనా ఆ శాఖ పోర్టల్లో ఆ నంబర్ కొట్టి, ఉత్తరం నిజమో కాదో చూసుకోవచ్చు. ఈడీ సమన్ల మీద కూడా క్యూఆర్ కోడ్ పెట్టారు. బ్యాంకుల వెబ్‌సైట్లను ‘బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మార్చమని ఆర్‌బీఐ 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. ప్రభుత్వం పంపే ఎస్సెమ్మెస్‌లో పంపినవారి పేరు చివర ‘జీ’ అక్షరం ఉంటుంది. ఇవన్నీ మంచి పనులే. కానీ మా మేనమామ లాంటివాళ్లకు ఒక్కటీ చేరలేదు.

అందుకే అడుగుతున్నాను. దేశంలో ఏ స్టేషన్ నుంచి, ఏ దర్యాప్తు సంస్థ నుంచి నోటీసు వచ్చినా దాని మీద అలాంటి ఒక నంబర్ ఉండేలా చూడండి. ఆ నంబర్ పట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తేనో, దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్తేనో ఇది నిజమా కాదా అని తెలుగులో చెప్పే మనిషి ఉండాలి. స్మార్ట్‌ఫోన్ సరిగా వాడలేని వాళ్లకు క్యూఆర్ కోడ్ ఒక్కటే సరిపోదు.

ప్రకటనల్లో ‘జాగ్రత్త’ అనే మాటకు బదులు ఈ నాలుగు ముక్కలు చెప్పించండి. అరెస్టు చేయడానికి వచ్చే పోలీసు ఒంటి మీద పేరు కనిపించాలి. అరెస్టు మెమో రాసి, కుటుంబ సభ్యుడితోనో స్థానికులైన పెద్దమనిషితోనో సాక్షి సంతకం పెట్టించాలి. 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆర్‌బీఐ మామూలు వ్యక్తుల ఖాతాలు నడపదు, కాబట్టి పరిశీలనకు అక్కడికి డబ్బు పంపమన్నవాడు దొంగే. ఇంట్లో చెప్పొద్దు అన్నారంటే అప్పుడే ఇంట్లో చెప్పాలని కూడా కలపండి. మా ఇంట్లో ఆ ఒక్క మాట తెలిసి ఉంటే సరిపోయేది.

బ్యాంకుల సంగతి ఆర్థిక శాఖతో, ఆర్‌బీఐతో కలిసి తేల్చండి. వయసు మళ్లిన ఖాతాదారు ఉన్నట్టుండి ఎఫ్‌డీ రద్దు చేసి, ఎప్పుడూ పంపని ఖాతాకు పెద్ద మొత్తం పంపుతుంటే కొన్ని గంటలు ఆపి, ఫోన్ పక్కన పెట్టించి, విడిగా మాట్లాడాలి. నిజంగా పెళ్లే అయితే ఆ కొన్ని గంటల్లో కొంపేమీ మునగదు.

ఇక ఫిర్యాదు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో వెళ్లిపోతుంది, అందుకే 1930 తెచ్చారు. ఆ లైన్ కలవకపోతే జనం స్టేషన్‌కే పరుగెత్తుతారు. ఇది మా పరిధి కాదు, సైబర్ క్రైమ్ వాళ్ల దగ్గరికి వెళ్లండి అంటే అక్కడే పుణ్యకాలం గడిచిపోతుంది. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలని బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ చెబుతోంది. బాధితుణ్ని తిప్పి పంపిన అధికారిపై చర్య తీసుకునేలా రాష్ట్రాలన్నిటికీ రాయండి. ఆ సెక్షన్ నంబర్‌ను, 1930ని ప్రతి స్టేషన్ బయట, ప్రతి బ్యాంకు కౌంటర్ దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇట్లు,
ఒక పౌరురాలు