స్టిక్కరు కింద 230 వోల్టులు

ఫ్రిస్కో, టెక్సాస్
24 ఫిబ్రవరి 2025

మేనేజరు గారికి,
గృహోపకరణాల దుకాణం, బీసెంట్ రోడ్డు, విజయవాడ.

విషయం: జనవరి 18న మీ దగ్గర కొన్న మిక్సీపై తప్పుడు వోల్టేజీ స్టిక్కరు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

జనవరి 18, శనివారం సాయంత్రం గుంటూరు నుంచి పనిగట్టుకుని వచ్చి మీ దుకాణంలో 6,850 రూపాయలకు మూడు జార్ల మిక్సీ కొన్నాను. అమెరికాలో ఉన్న మా అమ్మాయి పురిటికి వెళ్తున్నాననీ, ఆరు నెలలు ఉంటాననీ, అక్కడి కరెంటుకు పనిచేసేదే కావాలనీ మీ కుర్రాడికి రెండుసార్లు చెప్పాను. "రోజూ ఎవరో ఒకరు అమెరికా తీసుకెళ్తూనే ఉన్నారు మేడమ్" అంటూ మిక్సీని తిరగేసి అడుగు భాగం చూపించాడు. 110 వోల్టులు, 60 హెర్ట్‌జ్ అని ఉంది. జిల్లా పరిషత్ పాఠశాలల్లో 31 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. కుర్రాడి మాట ఒక్కటే నమ్మి ఉంటే నన్ను నేనే తిట్టుకునేదాన్ని. నేను నమ్మింది అంకెను.

మన మిక్సీలే ఇక్కడి కరెంటుకు తగ్గట్టు తయారైనవి ఇక్కడి ఇండియన్ దుకాణాల్లో దొరుకుతాయని అమ్మాయి ముందే చెప్పింది. ధర విని నేనే వద్దన్నాను. ఆ మాట ఇప్పుడు రోజుకొక్కసారైనా వినవలసి వస్తోంది. దాన్ని మీ ఖాతాలో వేయలేను లెండి. కానీ 23 కిలోలు దాటకూడని పెట్టెలో 5 కిలోలు మీ మిక్సీయే తినేసింది. దానికి చోటివ్వడానికి గోంగూర పచ్చడి డబ్బాలు రెండు గుంటూరులోనే దింపేసి వచ్చాను.

ఈ నెల 8న మనవరాలు పుట్టింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు బాలింతకు కారప్పొడి చేద్దామని ధనియాలు, జీలకర్ర, శొంఠి వేయించాను. ఇక్కడి ఇళ్లలో పోపు కాస్త మాడినా చాలు, పైకప్పుకు బిగించిన పొగ గంట చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. అందుకని మా అల్లుడు తువ్వాలు విసురుతూ దాని కింద కాపలా నిలబడ్డాడు. ఆ గండం గడిచింది. తరువాత మీరిచ్చిన అడాప్టరు తగిలించి మిక్సీ వేశాను. తిరగలేదు, మూలిగింది. రెండులో పెట్టాను, మూడులో పెట్టాను. గాజు మూతలోంచి చూస్తే ధనియాలు జారులో తాపీగా ప్రదక్షిణం చేస్తున్నాయి. శొంఠి ముక్క అడ్డం పడగానే బ్లేడు ఆగిపోయింది. స్విచ్చి ఆపేలోగా తీగచుట్ట కాలిన వాసన, పొగ. అంతసేపు మేము కాచుకున్న గంట అప్పుడు మోగింది. పసిపిల్ల ఉలిక్కిపడి లేచి గంటసేపు ఊరుకోలేదు.

మిక్సీ చల్లారాక బోర్లించి చూశాను. స్టిక్కరు ఒక మూల వేడికి లేచి ఉంది. గోటితో మెల్లగా లాగితే అప్పడంలా పొరగా ఊడి వచ్చింది. దాని కింద తయారీదారు బిగించిన లోహపు రేకు మీద 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్, 750 వాట్లు అని అచ్చుగుద్ది ఉంది. రెండింటి ఫోటోలూ జతచేస్తున్నాను.

పదో తరగతి పిల్లలకు చెప్పినట్టే మీకూ చెబుతాను. ఇక్కడి ఇళ్లకు వచ్చేది 120 వోల్టులు. 110 అనేది పాత వాడుక. 230కి చేసిన మోటారుకు అందులో సగమే అందితే బలం సగానికి కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది కానీ వోల్టేజీని మార్చదు.

మీ దుకాణం తెరిచేసరికి ఇక్కడ రాత్రి పదకొండు. అయినా మేలుకుని మూడు రాత్రులు ఫోను చేశాను. మొదటి రాత్రి ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కోమన్నారు. 750 వాట్ల మిక్సీని మోయగల ట్రాన్స్‌ఫార్మరు మిక్సీ కంటే బరువు. ఆ డబ్బు పెడితే ఇక్కడ కొత్త మిక్సీయే వస్తుంది. రెండో రాత్రి, విదేశాల్లో వాడితే వారంటీ వర్తించదన్నారు. విదేశంలో వాడటానికని చెప్పి అమ్మిన వస్తువుకు ఆ షరతు బిల్లు వేసేటప్పుడు ఎందుకు గుర్తురాలేదు? మూడో రాత్రి ఫోను ఎత్తి పక్కన పెట్టేశారు. పది నిమిషాలు మీ దుకాణంలో టీవీ పాటలు విన్నాను.

స్టిక్కరు అంటించింది మీరో, మీకు సరుకు పంపినవారో నాకు తెలియదు. ఎవరైనా సరే, అది పొరపాటున పడిన గీత కాదు. కొలత చూసుకుని, అచ్చు వేయించి, సరిగ్గా రేకు మీదికి వచ్చేలా అంటించారు. ఇలాంటివి మీ అరలో ఇంకా ఎన్ని ఉన్నాయో చూసి పీకేయించండి. మరో తల్లి పెట్టెలో సర్దుకోకముందే ఆ పని జరగాలి.

ప్రస్తుతం రెండు వీధుల అవతల ఉండే విశాఖ ఆవిడ ఇంట్లో పచ్చళ్లు రుబ్బుకుని వస్తున్నాను. బాలింతను, పసిపిల్లను వదిలి చలిలో జారు చేతపట్టుకుని నడవడం ఎలా ఉంటుందో మీకు రాయను.

నా 6,850 రూపాయలు మార్చి 15లోగా వాపసు చేయండి. అసలు బిల్లు గుంటూరులో మా తమ్ముడి దగ్గర ఉంది, పిలిస్తే తెస్తాడు. మిక్సీని, ఊడిన స్టిక్కరును జూలైలో నేనే తెచ్చి అప్పగిస్తాను. అప్పటిదాకా అవి నా సాక్ష్యాలు. గడువు దాటితే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పి, ఆపైన వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నా ఊరు గుంటూరులోనే కేసు వేయవచ్చు, విజయవాడ రానక్కరలేదు. ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు.

తా.క.: అడాప్టరుకు విడిగా వేసిన 150 రూపాయలు అడగడం లేదు. నా ఫోను చార్జరు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, దానికి వాడుకుంటున్నాను.