ఉన్నట్టుండి ఊపందుకునే ఇంగ్లీషు జాతీయాలు

చిరంజీవి చెల్లెమ్మకు,

అన్నయ్య ఆశీస్సులు. మనిషి ఒక్కసారిగా చురుకెక్కడాన్ని చెప్పే ఇంగ్లీషు జాతీయాల్లో ఏది రాసినా సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. ఆ చురుకు ఏ స్థితి నుంచి పుట్టిందో ఒక్కొక్కటి ఒక్కో తీరుగా చెబుతుంది.

అంతవరకు కదలకుండా ఉన్నవారు అవసరం రాగానే రంగంలోకి దూకితే 'స్ప్రింగ్ ఇంటు యాక్షన్' అంటారు. ప్రమాదస్థలానికి పరుగెత్తే సహాయక సిబ్బంది గురించి రాసేటప్పుడు ఇది చక్కగా అమరుతుంది. ఇక నావల్ల కాదని చతికిలబడబోయిన వ్యక్తికి మళ్లీ సత్తువ పుంజుకుంటే అది 'సెకండ్ విండ్'. ఇందులో విండ్ అంటే ఊపిరి. దూరం పరుగెత్తేవారు మొదట రొప్పుతూ, ఆగకుండా సాగితే కొంతసేపటికి శ్వాస కుదుటపడి కాళ్లు తేలికైనట్టు భావిస్తారు. ఆ అనుభవమే దీనికి మూలం కనుక ముందు అలసట లేనిచోట దీనిని వాడకూడదు. వీటన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే, ఎందుకంటే పడిన శ్రమను కూడా ఇది గుర్తిస్తుంది.

'పుల్ అవుట్ ఆల్ ద స్టాప్స్' పైప్ ఆర్గాన్ నుంచి వచ్చింది. ఆ వాద్యంలో స్టాప్ అనే పిడిని లాగితే దానికి సంబంధించిన గొట్టాల వరుస పలకడానికి సిద్ధమవుతుంది. అన్నిటినీ లాగితే నాదం నిండుగా మోగుతుంది. అందువల్ల, ఉన్న శక్తినంతా ధారపోసిన సందర్భానికే దీనిని అట్టిపెట్టుకో. 'ఫుల్ స్టీమ్ అహెడ్' పూర్తి వేగంతో ముందుకు సాగమనే, ఆవిరి ఓడల కాలపు ఆజ్ఞ. కొత్తగా చేరిన పనిలో తొలిరోజు నుంచే జోరు చూపేవారికి 'హిట్ ద గ్రౌండ్ రన్నింగ్' తగుతుంది.

నిన్ను తప్పక సంతోషపెట్టేది 'గర్డ్ అప్ యువర్ లాయిన్స్'. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, యోబు గ్రంథంలో, ఇది కనిపిస్తుంది. పొడవాటి వస్త్రాలు కాళ్లకు అడ్డుపడకుండా పైకి తీసి నడుముకు బిగించుకుని పనికో పోరుకో సిద్ధమయ్యే పద్ధతి దీని వెనుక ఉంది. మన 'నడుం బిగించు' దీనికి తోబుట్టువులా లేదూ? అయితే ఇప్పటి ఇంగ్లీషులో ఇది పాతకాలపు మాటగా వినిపిస్తుంది కాబట్టి మామూలు వ్యాసంలో వద్దు.

బ్రిటన్‌లో తొందరపెట్టడానికి 'గెట్ యువర్ స్కేట్స్ ఆన్' అంటారు. స్నేహితులతో అనవచ్చు గాని, పై అధికారితో అంటే మర్యాదగా ఉండదు.

నీ వ్యాసంలో వరుసగా రెండుసార్లు ఓడి, మూడో ఆటలో పుంజుకున్న జట్టుకు 'సెకండ్ విండ్' అనే రాయి. పూర్తి చేశాక నాకు పంపు, చదువుతాను.

ఇట్లు,
మీ అన్నయ్య