నెత్తురు మీద చల్లిన బ్లీచింగ్ దండగ

సంపాదకుడు గారికి,

మార్కెట్ల పారిశుధ్యం మీద పోయిన వారం మీరు వేసిన కథనంలో ఒక ఫొటో ఉంది. మాంసం కొట్ల ముందు నిలిచిన నెత్తుటి నీళ్ల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నారు, వెనక అధికారులు నిలబడి చూస్తున్నారు. ఆ చల్లే పద్ధతే తప్పు. నెత్తురు, కొవ్వు, పొలుసులు ఉన్నచోట బ్లీచింగ్ వేస్తే అందులోని క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది, క్రిములను చంపడానికి మిగలదు. ముందు గీకి ఎత్తాలి, సబ్బునీళ్లు పోసి బ్రష్షుతో రుద్దాలి, కడగాలి, క్లోరిన్ నీళ్లు ఆ తర్వాతే. 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడరయితే 10 లీటర్ల బకెట్‌కు 35 గ్రాములు చాలు. కలిపి, తేరిన నీళ్లను బండ మీద పోసి, 10 నిమిషాలు తడి ఆరకుండా చూసి, మంచినీళ్లతో కడిగెయ్యాలి. యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఆ పని ఎవరూ చెయ్యకూడదు. మూతి విప్పిన బస్తా చెమ్మలో నెలల తరబడి పడి ఉంటే ఆ పొడిలో సత్తువ ఉండదు. ఈ మాత్రం శిక్షణ కూడా ఇవ్వకుండా కార్మికుల చేతికి గమేళా ఇచ్చి పంపడమేమిటి?

నీళ్ల సంగతి ఇంకా ఘోరం. వరసంతటికీ ఒకటే కుళాయి ఉంటే పొద్దున పట్టిన బకెట్‌లోనే పదో కోడినీ ముంచుతారు, ముప్పయ్యో కోడినీ ముంచుతారు. ఒక్కదాని పేగు చిట్లిందంటే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ లాంటి క్రిములు తర్వాత ముంచిన ప్రతిదానికీ అంటుకుంటాయి. కత్తినీ, మొద్దునీ, చేతులనూ తుడిచేది ఒకే గుడ్డ. మొద్దు పగుళ్లలో ఇరుక్కున్న మాంసం పీచు కత్తి మొనకు కూడా అందదు. పగుళ్లు పడ్డ మొద్దును చిత్రిక పట్టించాలి, లేదా మార్చాలి. దీనికి అమ్మేవాళ్లను తిట్టి లాభం లేదు. కొట్టుకొక కుళాయి, పారే నీళ్లు ఇవ్వకుండా జరిమానాలు రాస్తే ఏం మారుతుంది?

చేపలకు కనీసం వాటి బరువంత ఐసు కావాలి, వేడి రోజుల్లో అంతకంటే ఎక్కువే. కిందొక పొర, పైనొక పొర వేసి, కరిగిన నీళ్లు పోయేలా తొట్టికి చిల్లు ఉంచాలి. పైపైన నాలుగు ముక్కలు వేస్తే అడుగున ఉన్నవి ఆ నీళ్లలోనే నాని పాడవుతాయి.

ఈగకు గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వేడి కాలంలో వారం, పది రోజులు చాలు. చెత్తకుండీ రోజూ ఎత్తినా, అడుగున పేరుకున్న జిగట కడగకపోతే అవి అక్కడే పుడుతూ ఉంటాయి. మూతలేని కాలువల్లో ఎలుకలు చేరితే వాటి మూత్రం కలిసిన నీళ్లలో చెప్పుల్లేకుండా పనిచేసేవాళ్లకు లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు.

బతికున్న కోళ్లమ్మే మార్కెట్లు ఎంతకు తేగలవో హాంకాంగ్‌లో 1997లోనే తెలిసింది. బర్డ్ ఫ్లూ 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. తర్వాత అక్కడ నెలనెలా కొట్లు ఖాళీ చేసి కడిగే సెలవు పెట్టారు, 2008లో బతికున్న కోళ్లను రాత్రిపూట కొట్లో ఉంచడమే నిషేధించారు. నెలకు ఒక్క పూట మూసి కడగడానికి ఇక్కడ ఏం అడ్డం?

మన పాలకులకు కట్టడం మీద ఉన్న మోజు కడగడం మీద లేదు. కొత్త భవనానికీ, ముఖద్వారానికీ డబ్బు దొరుకుతుంది. నేలకు మాత్రం మీటరుకు ఒకటి, రెండు సెంటీమీటర్ల వాలు కూడా ఇవ్వరు. కాలువ మొదట్లో ఈకలూ పొలుసులూ ఆపే జాలీ పెట్టరు. పైన ఇద్దరు కలిసినా లేవని బండలు పరుస్తారు, దాంతో పూడిక తీసేవాడే ఉండడు. మరుగుదొడ్డి కట్టి తాళం వేస్తారు. ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో అడిగితే చెప్పే నాథుడు లేడు.

మీ విలేఖరిని ఈసారి తనిఖీ వేళకు కాక, కొట్లు మూసే వేళకు పంపండి. వరస చివర ఒక బకెట్ నీళ్లు పోయించి, అవి కాలువ దాకా పోతాయో, మధ్యలో నిలుస్తాయో ఫొటో తీయించండి. నిలిస్తే ఆ నేలకు బిల్లు పాస్ చేసిన ఇంజనీరు వివరణ కూడా పక్కనే వేయండి.

ఇట్లు
ఒక పాఠకుడు